డేవిడ్ ఫ్రీడ్రిక్ స్ట్రౌస్ జీవితము

క్రైస్తవులకు దైవావతారమైన యేసుని చరిత్రమును, తక్కిన మనుష్యుల చరిత్రములను విచారించు రీతినే, సాక్ష్యములను బట్టి విచారింపవలెనని పూనుకొనినవారు ఐరోపాఖండమున పెక్కండ్రు గలరు. వారిలో ఆ పనిని అందఱియెదుట బహిరంగముగా సాగించి, అందుకై ఉద్యోగమును, లోకమర్యాదను, విశ్వవిద్యాలయములలో బోధించు అవకాశమును గోల్పోయినవాడు డేవిడ్ ఫ్రీడ్రిక్ స్ట్రౌస్. ఆయన సిద్ధాంతములన్నియు మాకు సమ్మతములు కావు. వార్ధకమున ఆయన వ్రాసిన తుది గ్రంథము మాకు బొత్తిగా సమ్మతము కాదు. అయినను ఆయన జీవితమున నొక ప్రశ్న యౌవనమునుండియు వెంటాడుచు వచ్చినది. లోపల నొకటి నమ్మి వెలుపల మఱియొకటి పలుకు ఉపదేశకుడు తన పీఠమున నిలువవచ్చునా, నిలువరాదా? ఈ ప్రశ్న జర్మనీదేశపు పాదిరీలకు మాత్రమే చెందినది కాదు. తాము నమ్మని మంత్రములను శ్రాద్ధములందును వివాహములందును చెప్పించుకొని, సభలలో మాత్రము ఏకేశ్వరుని గుఱించి ఉపన్యసించు మన విద్యావంతులకును ఇది చెందినదే. కావుననే ఈ చరిత్రమును వ్రాయ బూనితిమి.

జర్మనీదేశమున నైరుతిభాగమునందలి నాటి వుర్టెంబర్గు రాజ్యములో లుడ్విగ్స్‌బర్గు అను పట్టణము ఉండెను. స్ట్రౌస్ అచ్చట 1808 వ సంవత్సరము జనవరి 27 వ తేదీన జన్మించెను. తండ్రి వర్తకుడు, కాని ఆయనకు వ్యాపారమునందుకంటె పుస్తకములయందు ప్రీతి మెండు. క్రీస్తు రక్తమువలననే పాపపరిహారము కలుగునని ఆయన దృఢముగా నమ్మినవాడు. తల్లి స్వభావము వేఱు. పనిపాటలు, ఇంటి పొదుపు, ఇరుగుపొరుగువారి కష్టసుఖములు, ఇవియే ఆమెకు మతము. యేసుని యుపదేశము ప్రకారము నడుచుకొనుటయే భక్తియని ఆమె యభిప్రాయము. ఈ యిరువురి నడుమ పెరిగిన బాలునకు తల్లి పక్షమే హృదయమున నాటుకొనినదని తోచుచున్నది. ఏబదియేండ్ల వయస్సున, 1858 లో, ఆయన తన బిడ్డలకొఱకు తల్లినిగూర్చి యొక చిన్న స్మృతిగ్రంథము వ్రాసెను. ఆయనను నిరీశ్వరుడనియు పాషాణహృదయుడనియు నిందించినవారు దానిని చదివియుండినచో కొంత తగ్గి మాటలాడియుందురు.

వుర్టెంబర్గులో తెలివిగల పిల్లలను ప్రభుత్వమే ఉచితముగ పోషించి, చదివించి, పాదిరీలుగ తీర్చు నేర్పాటు నాడు చిరకాలమునుండి యుండెను. స్ట్రౌస్ 1821 లో బ్లౌబోయెరెన్ పట్టణమందలి పాఠశాలలో చేరెను. అప్పుడు అక్కడ ఫెర్డినాండు క్రిస్టియాన్ బౌర్ ఉపాధ్యాయుడుగ నుండెను. క్రైస్తవమతము పుట్టిన తొలి శతాబ్దముల చరిత్రను శోధించుటలో తరువాత మహాఖ్యాతి గాంచిన బౌర్ ఈయనయే. 1825 లో స్ట్రౌస్ ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమునకు బోయెను. క్రిస్టియాన్ మెర్క్లిన్, ఫ్రీడ్రిక్ విషర్ ఆయన సహాధ్యాయులు, ప్రాణస్నేహితులు.

స్ట్రౌస్ పుట్టుకతోనే శుష్కతార్కికుడని తలచువారు ఈ కాలపు సంగతి నొకదానిని గమనింపవలెను. వైన్స్‌బర్గు అను గ్రామపట్టణమున కవియు వైద్యుడునగు యుస్టినుస్ కెర్నర్ ఇంట నొక రోగిణి యుండెడిది. ఆమెకు ప్రేతాత్మలు కనబడుననియు, భవిష్యత్తు గోచరించుననియు జనులు చెప్పుకొనిరి. మన ఊళ్లలో పూనకము వచ్చినదని జనులు గుమిగూడుట యెట్టిదో అదియు నట్టిదే. పడుచువాడగు స్ట్రౌస్ ఆమెను చూడబోయి, చేయిపట్టుకొని, వివశుడయ్యెను. ఆ దినములలో ఆయనకు అద్భుతములయందు సంశయమే లేదు. సంశయము తరువాత చదువువలన వచ్చినది. జనులు అద్భుతములను ఎంత నిజాయితీతో నమ్ముదురో తన యనుభవమువలననే యెఱిగినవాడు గనుకనే, సువార్తలు వ్రాసినవారిని ఆయన యెన్నడును మోసగాండ్రని యనలేదని మా యూహ.

ట్యూబింగెన్‌లో ఆయన మొదట ష్లైయెర్‌మాకెర్ గ్రంథములను, పిదప హేగెల్ తత్త్వశాస్త్రమును చదివెను. మతము సత్యమును ప్రతిమారూపమున గ్రహించును, తత్త్వశాస్త్రము ఆ సత్యమునే భావరూపమున గ్రహించును అని హేగెల్ సిద్ధాంతము. 1830 లో స్ట్రౌస్ చదువు ముగించి క్లైన్ ఇంగెర్స్‌హైమ్ అను పల్లెలో ఉపపాదిరీగా నియుక్తుడయ్యెను. ఆదివారమున కాపులకు, కూలివాండ్రకు ఉపదేశము చేయవలెను; పిల్లలకు మతపాఠములు చెప్పవలెను. ఉపదేశము వినువారు సాతాను నిజముగా నున్నాడని నమ్ముదురు, ఉపదేశకుడు నమ్మడు. ఏమి చేయవలెను? మెర్క్లిన్ కూడ మఱియొకచోట పాదిరీగ నుండి ఈ చిక్కులోనే పడి వ్యథపడుచుండెను. ఇద్దఱును జాబులు వ్రాసికొనిరి. స్ట్రౌస్ అప్పుడు చెప్పిన సమాధానమేమనగా: ప్రజల భాష ప్రతిమలభాష, మనము ఆ భాషలోనే మాటలాడుచు, ప్రతిమలోని భావము పైకి కనబడునట్లు చేసినచో అది అబద్ధము కాదు, పీఠమును విడిచిపోయినచో ప్రజలను మఱింత అజ్ఞానులచేతికి అప్పగించినట్లగును.

ఈ సమాధానము యుక్తియుక్తముగా కనబడును. మనలో విగ్రహారాధనను సమర్థించు పండితులు చెప్పునదియు అక్షరాల నిదియే గదా. విగ్రహము పామరులకు, నిర్గుణబ్రహ్మము జ్ఞానులకు అని. కాని పామరుడు పామరుడుగనే యుండిపోవుటయు, జ్ఞాని పామరుని దక్షిణతో జీవించుటయు మనము చూచుచున్నాము. స్ట్రౌస్ ఇరువదిరెండేండ్లవాడు. ఆ సమాధానముతో ఆయన మనస్సు తృప్తి నొందలేదని ఆయన తరువాతి జీవితమే తెలుపుచున్నది. కొన్ని నెలలు మౌల్‌బ్రోన్ పాఠశాలలో బోధించి, 1831 శరత్కాలమున హేగెల్ ఉపన్యాసములు వినుటకై బెర్లిను నగరమునకు బోయెను.

అచ్చట ఆయన హేగెల్ ఉపన్యాసములు కొలదిమాత్రమే వినగలిగెను. నగరమున విశూచి వ్యాపించియుండెను. నవంబరు 14 వ తేదీన హేగెల్ మరణించెను. ఆ వార్తను స్ట్రౌస్‌నకు చెప్పినవాడు ష్లైయెర్‌మాకెరే. ఆయనకొఱకే గదా నేనింతదూరము వచ్చితినని యువకుడు తొందరపాటున అనివేయగా, ఆ వృద్ధపండితుని మనస్సు నొచ్చుకొనెనట. అయినను స్ట్రౌస్ బెర్లినులోనే నిలిచి, యేసుని జీవితమునుగూర్చి ష్లైయెర్‌మాకెర్ చేసిన ఉపన్యాసముల వ్రాతప్రతులను విద్యార్థులయొద్దనుండి సంపాదించి చదివెను. అవి ఆయనకు తృప్తి నీయలేదు. యేసుని జీవితమును తానే వ్రాయవలెనను సంకల్పము బెర్లినులోనే దృఢపడినది.

1832 లో ట్యూబింగెనుకు తిరిగివచ్చి, తాను చదివిన మతకళాశాలలోనే ఉపబోధకుడయ్యెను. తత్త్వశాస్త్రముపై ఆయన చేసిన ఉపన్యాసములకు విద్యార్థులు విశేషముగా వచ్చుచుండిరి. కాని మఱుచటి యేడు ఆయన వానిని మానివేసి, గ్రంథరచనకు కూర్చుండెను. 1835 లో మొదటి సంపుటమును, కొలదినెలలకే రెండవదియు వెలువడెను. రెండును కలసి సుమారు 1,480 పుటలు. గ్రంథకర్త వయస్సు ఇరువదియేడు.

ఈ గ్రంథము చేసినపని తెలియవలెనన్న, అంతకుపూర్వము పండితులు చెప్పుచున్నదేమో తెలియవలెను. సువార్తలలోని అద్భుతములు జరిగినవి జరిగినట్లే సత్యములని పూర్వాచారపరులు వాదించిరి. హాంబర్గు పట్టణమున రైమారుస్ అను నుపాధ్యాయుడు, శిష్యులే యేసుని శవమును దొంగిలించి పునరుత్థానకథను కల్పించిరని రహస్యముగా వ్రాసి పెట్టెలో దాచుకొని 1768 లో మరణించెను. లెస్సింగు 1774 మొదలు 1778 వఱకు అందలి భాగములను ప్రకటించెను. మూడవ తెగవారు హేతువాదులు. వారిలో అగ్రగణ్యుడు పౌలుస్. సంగతులు జరిగిన మాట నిజమే, అవి మాత్రము అద్భుతములు కావని ఆయన వాదము. యేసు సముద్రముపై నడువలేదు, ఒడ్డున నడిచెను. మంచులో శిష్యులు పొరబడిరి. అయిదువేలమందికి రొట్టెలు పెరిగి రాలేదు. యేసు తనయొద్దనున్నది పంచిపెట్టగా చూచి ధనికులు తమ మూటలను విప్పిరి. ఇట్లు ప్రతి కథకును ఒక సమాధానము.

స్ట్రౌస్ ఈ మూడు తెగలను ఒకదానితో నొకటి పోరాడించి, మూడింటిని ఓడించెను. అద్భుతము జరిగినదనుటకు సాక్ష్యము చాలదు. మోసమనుటకు అంతకంటెను చాలదు, మోసముకొఱకు ప్రాణములిచ్చువాడెవడు? ఇక హేతువాదుల వ్యాఖ్యానము గ్రంథకర్తలు చెప్పినదానిని త్రోసివేసి, వారు చెప్పనిదానిని వారి నోట పెట్టుచున్నది. మఱి ఈ కథలెట్లు పుట్టెను? అవి పురాణకథలు. మెస్సీయ వచ్చినప్పుడు మోషే, ఏలీయా, ఎలీషా చేసినవానికంటె ఘనకార్యములు చేయునని యూదులు తరతరములుగా ఎదురుచూచుచుండిరి. యేసుడే మెస్సీయయని నమ్మిన భక్తులు, ఆయన అట్టి కార్యములు చేసియే యుండవలెనని తలచిరి, తలచినది చెప్పుకొనిరి, చెప్పుకొనినది వ్రాతలోనికెక్కెను. ఎవ్వరును అబద్ధమాడలేదు. రాజుల రెండవ గ్రంథమున ఎలీషా ఇరువది యవలరొట్టెలతో నూఱుమందిని తృప్తిపఱచగా కొంత మిగిలెను. సువార్తలలో అయిదు రొట్టెలతో అయిదువేలమంది తృప్తిపడగా పండ్రెండు గంపలు మిగిలెను. మోషే ముఖము కొండపై ప్రకాశించెను. యేసుని ముఖమును కొండపై ప్రకాశించెను. ఫరో మగశిశువులను చంపించెను. హేరోదును శిశువులను చంపించెను. ఈ తుది కథను చదువునప్పుడు కంసుని తలపక యుండు హిందువుడు ఎవడు?

న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఈ గ్రంథమున మిక్కిలి రుచించిన భాగము సాక్షుల పరీక్ష. యేసుని వంశావళిని మత్తయి యొకటి, లూకా యొకటి వ్రాసిరి. ఒకరి లెక్కలో యోసేపు తండ్రి యాకోబు. మఱియొకరి లెక్కలో హేలీ. రెండును యోసేపు ద్వారముననే దావీదు వంశమునకు చేరుచున్నవి. కాని యేసుడు యోసేపునకు పుట్టలేదని యా సువార్తలే చెప్పుచున్నవి. కురేనియు జనాభాలెక్క కాలమున యేసుడు పుట్టెనని లూకా వ్రాసెను. ఆ లెక్క జరిగినది క్రీస్తుశకము 6 వ సంవత్సరమున. లూకా చెప్పిన హేరోదు రాజు చనిపోయినది క్రీస్తుపూర్వము 4 లో. ఇట్టి సాక్ష్యమును పట్టుకొని ఒక ఎకరము భూమికైనను డిక్రీ పొందుట కష్టము. సాక్షులు భక్తులగుట వారి శీలమునకు నిదర్శనమే గాని, వాఙ్మూలములోని తేదీలు సరిపడుటకు నిదర్శనము కాదు.

అయితే యేసుడనువాడే లేడని స్ట్రౌస్ చెప్పెనని మనదేశమున కొందఱు వాదింతురు. అది పొరపాటు. నజరేతున పెరిగి, బాప్తిస్మమిచ్చు యోహానుచేత స్నానము పొంది, గలిలయలో బోధించి, శిష్యులను చేర్చుకొని, తాను మెస్సీయనని నమ్మి, పరిసయ్యుల ద్వేషమునకు గుఱియై, సిలువపై మరణించిన యొక మహాపురుషుడు నిజముగా నుండెననియే ఆయన మతము. గ్రంథాంతమున మఱియొక మాట చేర్చెను. దేవుడును మనుష్యుడును ఏకమగుట అను గొప్పభావము ఒక్క వ్యక్తియందే సమాప్తము కాజాలదు; అది మానవజాతియంతటను, యుగయుగములందును వెల్లడియగుచున్నది. సర్వమానవ సోదరత్వమును నమ్మిన మా చెవులకు ఈ మాట ఇంపుగనే యుండును. కాని దేవుని తెలుపుటకు మానవజాతి చాలునని మేమందుము. దేవుని స్థానమున నిలుచుటకు మానవజాతి చాలునా యన్నచో చాలదందుము. స్ట్రౌస్ ఈ రెంటికిని నడుమనున్న గీతను స్పష్టముగా గీయలేదు.

గ్రంథము వెలువడిన కొలదివారములకే ట్యూబింగెన్‌లో ఆయన యుద్యోగము పోయెను. స్వస్థలమగు లుడ్విగ్స్‌బర్గు పాఠశాలలో పిల్లలకు భాషలు చెప్పుటకు పంపివేసిరి. ఏడాది గడచునప్పటికి అదియు విడిచి, స్టట్‌గార్టు చేరి కలముపైననే బ్రతుకుటకు నిశ్చయించుకొనెను. ఖండనగ్రంథములు కుప్పలుగ వెలువడెను. ఎషెన్‌మయెర్ అను ఆచార్యుడు తన ఖండనమునకు పేరు పెట్టుటలోనే స్ట్రౌస్‌ను గురుద్రోహియగు యూదా ఇస్కరియోతుతో పోల్చెను. తండ్రికిని కొడుకుకును ఈ గ్రంథముమూలమున ఎడబాటు కలిగెను. తల్లి మాత్రము కొడుకు పక్షమున నిలిచెను.

ఇక్కడ మేము ఆయన దౌర్బల్యమునొకదానిని దాచక చెప్పవలెను. 1838, 1839 సంవత్సరములలో వెలువడిన మూడవ కూర్పులో ఆయన విరోధులకు కొంత లొంగెను. యోహాను సువార్త ప్రత్యక్షసాక్షి వ్రాసినది కాదని మొదట గట్టిగ చెప్పినవాడు, ఇప్పుడు ఆ సంశయమునందే సంశయము కలదని మెత్తబడెను. ఆచార్యపీఠము దొఱకునను నాశ ఇందులకు కొంత కారణము కావచ్చును. నిందలు పడిపడి యలసిపోవుటయు కొంత కారణము కావచ్చును. ఒంటరిగా నిలిచినవానిని గుఱించి గుంపులో నిలిచిన మేము కఠినముగా పలుకజాలము. 1840 నాటి నాల్గవ కూర్పులో ఆయన ఆ సవరణలను తీసివేసి, మొదటి మాటనే మరల నిలువబెట్టెను.

ఈ నడుమ స్విట్జర్లాండులో జరిగిన సంగతి ఒక మనుష్యుని ఉద్యోగమునుగూర్చి ప్రభుత్వమే కూలిన వింతకథ. 1839 ఆరంభమున జ్యూరిక్ రాష్ట్రపు ప్రభుత్వము స్ట్రౌస్‌ను తమ విశ్వవిద్యాలయమున మతశాస్త్రాచార్యుడుగ నియమించెను. పల్లెలన్నియు అట్టుడికినట్లుడికెను. గ్రామగ్రామమున వోట్లు తీయగా, నియామకమునకు విరోధముగా ముప్పదితొమ్మిదివేలకు పైగా, అనుకూలముగా వేయికి కొంచెము పైగా వచ్చెను. ప్రభుత్వము వెనుకకు తగ్గి, ఆయన ఆ పీఠమున అడుగుపెట్టకమునుపే వేయి ఫ్రాంకుల వార్షికభృతి నిచ్చి విరమింపజేసెను. అంతటితో జనుల ఆగ్రహము చల్లారలేదు. సెప్టెంబరు 6 వ తేదీన ఒక పాదిరీ ముందు నడువగా, సాయుధులగు పల్లెవాసులు భక్తికీర్తనలు పాడుచు నగరముపైకి వచ్చిరి. కాల్పులు జరిగెను. కాల్పులు ఆపుడను ఉత్తరువును పట్టుకొనిపోవుచున్న హెగెట్ష్వైలెర్ అను ప్రభుత్వసభ్యుడు తుపాకిదెబ్బ తిని మరణించెను. ప్రభుత్వము పడిపోయెను. జ్యూరిక్ పాలకులు ఉదారబుద్ధితోనే ఈ పని చేసిరి. కాని పాఠశాలలు తీసి, వ్యాఖ్యానించి, ప్రజల మనస్సును సిద్ధపఱుపక, ఒక ఉత్తరువుతో పైనుండి సంస్కరణమును దింపబోయిరి. ఆ వోట్ల లెక్క సంస్కర్తలమగు మేము తఱచుగా జ్ఞాపకమునకు దెచ్చుకొనదగిన లెక్క.

ఆ సంవత్సరముననే తల్లి మరణించెను. పీఠము పోయెను, తల్లి పోయెను. ఆయన మరల ఏ విశ్వవిద్యాలయమునందును బోధింపలేదు. 1840, 1841 లలో క్రైస్తవసిద్ధాంతముల చరిత్రమును రెండు సంపుటములుగ వ్రాసి, ఆపై ఇరువదియేండ్లు మతశాస్త్రమునకు దూరముగ నుండెను.

గ్రంథము మాత్రము ఊరకుండలేదు. ఇంగ్లాండులో కోవెంట్రీ పట్టణమున మేరియన్ ఎవాన్స్ అను యువతి దానిని నాల్గవ కూర్పునుండి ఆంగ్లమునకు పరివర్తనము చేసెను. 1846 లో మూడు సంపుటములుగ వెలువడిన ఆ పుస్తకముపై ఆమె పేరైనను లేదు. ప్రతిఫలము ఇరువది పౌనులు. తరువాత జార్జి ఇలియట్ అను పేరుతో ప్రసిద్ధ నవలాకర్త్రి యైనది ఆమెయే. సిలువకథను ముక్కలుముక్కలుగ కోయు అధ్యాయములను వ్రాయునప్పుడు ఆమె మనస్సు క్రుంగిపోగా, ఎదుట నుంచుకొనిన క్రీస్తు ప్రతిమను చూచుచు ధైర్యము తెచ్చుకొనెడిదట. సత్యశోధకులకు భక్తి యుండదని చెప్పువారు ఈ సంగతిని తెలిసికొందురుగాక.

చదువరులు ఇక్కడ మన రామమోహనరాయలను తలచుచుందురు. స్ట్రౌస్ పండ్రెండేండ్ల బాలుడై యుండగనే, 1820 లో, రాయలు కలకత్తాలో నాలుగు సువార్తలనుండి యేసుని నీతిబోధలను ఏర్చి, అద్భుతములను విడిచి ప్రకటించెను. శ్రీరామపురపు మిషనరీలు ఆయనను తీవ్రముగా ఖండించిరి. ఆయన మార్ష్‌మన్ దొరకు మూడు సమాధానములు వ్రాసెను. మూడవదానిని మిషను ముద్రాలయమువారు అచ్చువేయ నిరాకరింపగా, 1823 లో తన సొంత ముద్రాలయముననే అచ్చొత్తించెను. ఇద్దఱును ఒకరినొకరు ఎఱుగరు. స్ట్రౌస్ గ్రంథము వెలువడుటకు రెండేండ్లకు ముందే రాయలు బ్రిస్టలులో పరమపదించిరి. పని మాత్రము రెండు విధములు. ఆ కథలు ఎట్లు పుట్టెనని స్ట్రౌస్ అడిగెను. అవి లేకున్నను ఏమి మిగులునని రాయలడిగెను. మొదటి ప్రశ్న పండితునిది. రెండవది ఆకలిగొన్నవానిది. స్ట్రౌస్ రెండవదానిని అడుగుటకు ఆలస్యము చేసెననియే మా ఫిర్యాదు.

గృహజీవనమునుగూర్చి వ్రాయదగినది కొంచెమే. 1842 లో ఆయన ఆగ్నెసె షెబెస్ట్ అను ప్రసిద్ధ గాయకురాలిని వివాహమాడెను. ఒక కూతురు, ఒక కొడుకు పుట్టిరి. పుస్తకములలో మునిగిన భర్తకును, నాట్యశాలల కరతాళధ్వనులను విడిచివచ్చిన భార్యకును పొత్తు కుదురక, కొలది సంవత్సరములకే వేఱుపడిరి. 1848 నాటి విప్లవకాలమున ఫ్రాంక్‌ఫర్టు మహాసభకు పోటీచేసి, ఒక భక్తుని చేతిలో ఓడిపోయెను. వుర్టెంబర్గు శాసనసభకు ఎన్నికైనను, అచ్చట తనకు వోట్లిచ్చిన ప్రజాపక్షమువారికి విరుద్ధముగ మాటలాడి, ఆ యేటనే రాజీనామా చేసెను. మతమున విప్లవకారుడు రాజ్యవ్యవహారములలో పూర్వాచారపరుడుగ నుండుట వింత గాని, మనలో దీనికి విపర్యయమే యెక్కువ.

విశ్రాంతిలేని ఆ యిరువదియేండ్లలో ఆయన జీవితచరిత్రములు వ్రాసెను. వానిలో పదునాఱవ శతాబ్దపు వీరుడగు ఉల్రిక్ ఫాన్ హుట్టెన్ చరిత్రము పేర్కొనదగినది. రైమారుసుని చరిత్రమును 1862 లో వ్రాసెను. మాకు మాత్రము 1851 నాటి చిన్నపుస్తకము ముఖ్యముగా తోచుచున్నది. అది మెర్క్లిన్ చరిత్రము. పీఠమున నిలువవచ్చునా యని ఇరువదియేండ్లకు ముందు జాబులు వ్రాసిన ఆ స్నేహితుడు చాలకాలము పాదిరీగనే యుండి, తుదకు 1840 లో ఆ యుద్యోగమును మాని హైల్‌బ్రోన్ పట్టణమున బడిపంతులై, 1849 లో మరణించెను. ఒకరిని లోకము వెడలగొట్టెను; ఒకడు తానే వెడలెను. ఇద్దఱి నాటి సమాధానమును జీవితమే త్రోసివేసినది.

పాండిత్యములో స్ట్రౌస్ లోపములను గూడ చెప్పుట న్యాయము. కథలను శోధించెను గాని, కథలు చెప్పిన పుస్తకములను శోధింపలేదని గురువగు బౌర్ ఆక్షేపించెను. ఏ సువార్త ముందు పుట్టెను, ఎవరు ఎవరిని చూచి వ్రాసిరి అను విషయము నిర్ణయింపక సాక్ష్యమును తూచుట, దస్తావేజు తేదీ చూడక దానిని చదువుటవంటిది. మార్కు తక్కినవారినుండి సంక్షేపించెనని స్ట్రౌస్ తలచెను. 1838 లోనే వైస్సె, విల్కె అనువారు మార్కే మొదటివాడని వేఱువేఱుగ వాదించిరి. నేటి పండితులలో అధికసంఖ్యాకులు ఈ మతమునే అంగీకరించుచున్నారు. యోహాను సువార్త విషయమున మాత్రము స్ట్రౌస్ మొదటి తీర్పే చాలవఱకు నిలిచినది. ఆల్బర్ట్ ష్వైట్జెర్ 1906 లో ఈ శోధనల చరిత్రమును వ్రాయుచు, స్ట్రౌస్‌కు అందు మిక్కిలి గౌరవస్థానము నిచ్చెను.

1863 లో ఫ్రెంచిపండితుడగు రెనాన్ యేసుని జీవితమును మనోహరమగు కథవలె వ్రాసి ఐరోపానంతయు ఆకర్షించెను. మఱుచటియేడు స్ట్రౌస్ జర్మనుప్రజలకొఱకు యేసుని జీవితమును తిరిగి వ్రాసెను. మొదటి గ్రంథము పండితులకు, ఇది గృహస్థులకు. మతోద్యోగమువలన జీవించువారు మతమునుగూర్చి స్వేచ్ఛగా తీర్పు చెప్పజాలరనియు, అట్టి బంధము లేని సామాన్యులే న్యాయాధిపతులనియు ఆయన అందు తలచెను. యేసుని మనస్సులోని ప్రసన్నతను, దేవుని తండ్రిగా నెఱిగి సుజనులయందును దుర్జనులయందును సమముగ ప్రేమ జూపిన యౌదార్యమును ఇందు కొంత చిత్రించెను. ఆ రెండవ ప్రశ్నకు ఆయన మిక్కిలి సమీపమునకు వచ్చినది ఇక్కడనే. తండ్రివంటి దేవుడు అను మాటవద్ద ఇంకొంతసేపు నిలిచియుండినచో బాగుండెడిది.

నిలువలేదు. 1872 లో వెలువడిన పాత విశ్వాసము, కొత్త విశ్వాసము అను గ్రంథమున తామిక క్రైస్తవులము కామని నిర్మొగమాటముగ చెప్పెను. ఆ మాటకు మాకు ఆక్షేపణ లేదు. నమ్మనివాడు నమ్మనని చెప్పుట ధర్మము. డార్విను సిద్ధాంతమును స్వాగతించుటయు సరియే. కాని ప్రార్థనను వ్యర్థమని తోసి, విశ్వయంత్రమునకు నమస్కరించి, దేవాలయమునకు బదులుగా గెటే కవిత్వమును బేతోవెన్ సంగీతమును చూపించుట దప్పిగొన్నవానికి చిత్రపటములోని చెఱువును చూపించుటవలె నున్నది. అట్టి సంగీతశాలకు పోగలవారెందఱు? కూలివాని మాట యేమి? ఆ గ్రంథమునందే ఆయన ఉరిశిక్షను సమర్థించి, కూలివారికి వోటుహక్కును ఈయరాదని వాదించెను. క్లైన్ ఇంగెర్స్‌హైములో ఆదివారమునాడు తన యెదుట కూర్చుండిన ఆ జనులను ఆయన మఱచిపోయెనని తలచుచున్నాము. గ్రంథము కొలదినెలలలోనే పెక్కు కూర్పులు పొందెను. మఱుచటి యేట నీషే అను యువ ఆచార్యుడు దానిని పరిహసించుచు వ్రాసిన వ్యాసముకూడ ప్రసిద్ధి కెక్కినది.

అప్పటికే స్ట్రౌస్ ఉదరరోగమున బాధపడుచు లుడ్విగ్స్‌బర్గులో నుండెను. నొప్పి యెంత తీవ్రమైనను మనస్సు చెదరనీయలేదనియు, పిల్లలతోను స్నేహితులతోను శాంతముగనే మాటలాడెననియు సన్నిహితులు వ్రాసియున్నారు. యౌవనమునుండి స్నేహితుడగు ఎడ్వార్డ్ జెల్లర్ తరువాత ఆయన రచనలను పండ్రెండు సంపుటములుగ ప్రకటించెను. 1874 వ సంవత్సరము ఫిబ్రవరి 8 వ తేదీన, తాను పుట్టిన పట్టణముననే, అఱువదియాఱేండ్ల వయస్సున ఆయన మరణించెను. తన యంత్యక్రియలలో పాదిరీయు, మతవిధియు ఉండరాదని ముందుగనే వ్రాసి పెట్టియుండెను. అట్లే జరిగినది.